షాఫ్ట్ కవరు సెట్ అయితలేదని తీసి పడెయ్యకుండ్రి



ఇయ్యాల ధరల ముచ్చట కాదు, వానల ముచ్చట కాదు. ట్రాక్టర్ వెనుక రోటవేటర్‌ను, మక్కల మిషన్‌ను, గడ్డి బేలర్‌ను, పత్తికట్టె ష్రెడ్డర్‌ను తిప్పే పీటీఓ షాఫ్ట్ ముచ్చట. ఇంకా సాఫ్‌గా చెప్పాలంటే ఆ షాఫ్ట్ మీద ఉండాల్సిన ప్లాస్టిక్ కవరు ముచ్చట. ఇంత చిన్న వస్తువుకు ఇంత పొడుగు పోస్టా అని అనుకోకుండ్రి. జర ఓపిక పట్టి చివరిదాకా చదవండి.

మీ ఊర్లో ఇండ్ల ముందట నిలబెట్టిన రోటవేటర్లను ఒక్కసారి తిరిగి చూడండి. కొత్తగా కొన్నప్పుడు ప్రతి షాఫ్ట్‌కూ పసుపు రంగుదో నల్లదో కవరు వస్తది. రెండు పంటలు తిరిగేసరికి సగం పగులుతది. మూడో పంటకు షాఫ్ట్ బోసిగా ఉంటది. కొందరు మంచిగా ఆలోచించి కరీంనగర్‌కో, జగిత్యాలకో, ఆదిలాబాద్‌కో పోయినప్పుడు షాపులో వేరే కవరు కొనుక్కొస్తరు. ఇంటికొచ్చి ఎక్కిస్తే అది కూర్చోదు. బైండింగ్ వైరుతో కడుతరు. పొలంలకు పోయినంక టకటక కొట్టుకుంటది, గిర్రున తిరుగుతది, పగులుతది. ఇగ తీసి కొట్టం మీదికి విసిరేస్తరు. "బయట దొరికే కవర్లు గింతే" అని ఒక మాట అనేస్తరు.

ఈ మాటతోనే నాకు పేచీ. కంపెనీ షోరూం కవరే కొనాలని నేను అంటలేను. పాత మోడల్‌కు అది దొరకనే దొరకదు, దొరికినా ధర ఎక్కువ. బయటి కవరు కూడా మంచిగనే పనిచేస్తది. అది సెట్ కాకపోవడానికి శానా సార్లు కారణం కవరు కాదు. కొలత చూడకుండా కొన్న తీరు, లేకపోతే మన షాఫ్ట్‌లోనే ఉన్న తప్పు. ఆ తప్పు పట్టుకోవడానికి ఒక టేపు, ఒక పానా, పావుగంట టైం చాలు. కవరు సెట్ కాకపోతే కారణం వెతకాలె, దొరికేదాకా మిషన్ ఆపాలె. కవరు తీసేసి నడుపుడు పరిష్కారమే కాదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఒక్క లెక్క చూడండి. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతది. అంటే సెకనుకు 9 చుట్లు. షాఫ్ట్ గొట్టం మందం రెండు ఇంచులు అనుకుంటే దాని చుట్టుకొలత ఆరు ఇంచుల పైనే. తొమ్మిది చుట్లకు నాలుగున్నర అడుగులు దాటుతది. భుజం మీది తువ్వాల ఒక సెకనులో పోతది. ఐదున్నర మీటర్ల చీర నాలుగు సెకన్లలో మొత్తం చుట్టుకుంటది. బట్ట చిక్కిందని మనకు సోయి వచ్చేసరికే మనిషి షాఫ్ట్ కాడికి చేరుతడు. డ్రైవర్ చూసి క్లచ్ తొక్కేసరికి అంతా అయిపోతది. "నేను జాగ్రత్తగనే ఉంట" అన్న మాట ఈ స్పీడు ముందట పనిచెయ్యదు.

ఇంకొక సంగతి. ట్రాక్టర్ ఓనర్‌కు, డ్రైవర్‌కు అంత భయం ఉండదు, ఎందుకంటే వాళ్లు సీటు మీద ఉంటరు. షాఫ్ట్ పక్కపొంటి తిరిగేది ఎవరు? మక్కల మిషన్ కాడ గంపలు ఎత్తే ఆడోళ్లు. సంచి పట్టేటోళ్లు. మాపటిజాము చీకట్ల తొందర తొందరగా పని ముగించే కూలోళ్లు. చెరువు గట్టుకు పోతూ అటునుంచి ఇటు దాటే పిల్లలు. కవరు తీసేసేది ఒకరు, దెబ్బ తగిలేది ఇంకొకరికి. అందుకే ఇది ఓనర్ ఇష్టం అని వదిలేసే ముచ్చట కాదు.

ఇగ అసలు పనికి వద్దాం. ముందుగా కవరు ఎట్ల కూర్చుంటదో తెలుసుకోవాలె.

షాఫ్ట్‌లో రెండు ఇనుప గొట్టాలు ఒకదాంట్ల ఒకటి జారుతయి. రెండు చివర్ల క్రాస్ జాయింట్లు, యోకులు ఉంటయి. కవరుకు కూడా రెండు ప్లాస్టిక్ గొట్టాలే, ఒకదాంట్ల ఒకటి జారేటివి. రెండు చివర్ల జాయింట్‌ను కప్పే గరాటు లాంటిది ఉంటది. గొట్టం వైపు ఉండే యోకు మెడ మీద చుట్టూ ఒక గాడి కోసి ఉంటది. ఆ గాడిలో ఒక నైలాన్ రింగు కూర్చుంటది. ఆ రింగే కవరుకు బేరింగు. లోపల షాఫ్ట్ తిరుగుతది, రింగు మీద కవరు ఆగి ఉంటది. కవరు తిరగకుండ రెండు దిక్కుల రెండు సన్న చైన్లు కట్టాలె, ఒకటి ట్రాక్టర్‌కు, ఒకటి వెనుక మిషన్‌కు. కవరు మొత్తం పని ఈ రెండిటి మీదనే ఆధారపడి ఉంటది: రింగు గాడిలో ఉండాలె, చైను కట్టి ఉండాలె.

చూసేముందు ఇంజన్ బంద్ చెయ్యండి, తాళంచెవి జేబులో పెట్టుకోండి, రోటవేటర్‌ను నేల మీదికి దించండి. ఇంజన్ నడుస్తుంటే షాఫ్ట్ మీద చెయ్యి పెట్టొద్దు.

ఒకటి. కవరు ఎక్కుతలేదు, లేదా ఎక్కినా ముందుకు వెనుకకు జారుతది. ఇది రింగు, గాడి కుదరని లక్షణం. షాఫ్టులు సైజులవారీగా వస్తయి, ఒక్కో సైజుకు యోకు మెడ మందం వేరు, గాడి వెడల్పు వేరు. రింగు పెద్దదైతే ఊగుతది, చిన్నదైతే బిగుసుకుంటది. రింగును ఆకురాయితో రుద్ది సరిచెయ్యకుండ్రి, రెండు రోజులకే పగులుతది. ఇంకొక కారణం ఉంది, దీన్ని ఎవరూ చూడరు. పాత యోకు విరిగినప్పుడు లేత్ మీద చేయించి వెల్డింగ్ పెట్టిన యోకుకు గాడే ఉండదు. గాడి లేని యోకు మీద ఏ కంపెనీ కవరు తెచ్చినా నిలబడదు. అసొంటప్పుడు కవర్లు మార్చుకుంట పోతే పైసలు దండుగ. యోకు మార్చాలె.

రెండు. కవరు షాఫ్ట్‌తోపాటు గిర్రున తిరుగుతది. మొదలు చైన్లు చూడండి, ఉన్నయా, కట్టిండ్రా అని. తర్వాత కవరును చేత్తో తిప్పి చూడండి. షాఫ్ట్ కదలకుండ కవరు సులువుగా తిరగాలె. పట్టినట్టు ఉంటే రింగు ఎండిపోయిందన్నట్టు, లేకపోతే బురద పోయి గట్టిపడ్డది. మన దగ్గర దమ్ము చేసేటప్పుడు నీళ్లు, ఒండ్రు అన్నీ అందులకే పోతయి. కడిగి, గ్రీజు పెట్టి, మళ్లీ తిప్పి చూడండి. అయినా పట్టుకుంటే గొట్టం ఎక్కడో చొట్టపడ్డది, లేదా రింగు అరిగి కవరు ఒక దిక్కు వాలింది. రింగు విడిగా దొరుకుతది, కవరు మొత్తం మార్చే అక్కర లేదు. కవరును వైరుతోనో టేపుతోనో షాఫ్ట్‌కే బిగించి కట్టినోళ్లను చూసిన. అట్ల కడితే ఆ కవరు షాఫ్ట్‌లో భాగమైపోతది. ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మూడు. గరాటు దగ్గర మళ్లమళ్ల పగులుతది. పగిలిన ముక్క తీసి లోపలి దిక్కు చూడండి. చుట్టూ గుండ్రంగ గీతలు ఉంటే లోపల ఏదో పొడుచుకొచ్చి తగులుతున్నట్టు. ఎక్కువసార్లు అది బోల్టు. యోకును ట్రాక్టర్ షాఫ్ట్‌కు పట్టే లాక్ పిన్ను పోతే మనోళ్లు చేతికి దొరికిన పొడుగు బోల్టు వేస్తరు. దాని కొస అర ఇంచు బయటికి ఉంటది. షియర్ బోల్టు కాడ కూడా ఇదే కథ. ఆ కొస ప్లాస్టిక్‌ను కోస్తది, కవరు లేకపోతే అదే కొస బట్టను పడుతది. సరైన పిన్ను వెయ్యండి.

గీతలు లేకుండ ఒక పక్కే నలిగి పగిలితే అది లేపుడు వల్ల. గట్టు కాడ మళ్లేటప్పుడు పీటీఓ నడుస్తుండగనే రోటవేటర్‌ను పూర్తిగా పైకి లేపుతరు. జాయింట్ మస్తు వంగి యోకు పోయి గరాటును కొడుతది. గడియారంలో పన్నెండుకూ ఒంటిగంటకూ నడుమ ఎంత వంపు ఉంటదో, జాయింట్ అంతకంటే ఎక్కువ వంగినప్పుడు షాఫ్ట్ తిరగొద్దు. పీటీఓ ఆపి లేపండి, లేదా కొద్దిగా మాత్రమే లేచేటట్టు లిఫ్ట్ లివర్‌కు స్టాపర్ పెట్టుకోండి. దీనితోటి కవరే కాదు, క్రాస్ కూడా ఎక్కువ రోజులు వస్తది.

నాలుగు. కవరు పొడుగు ఎక్కువైంది లేదా తక్కువైంది. ఒక రోటవేటర్‌ను ఒకసారి పెద్ద ట్రాక్టర్‌కు, ఇంకోసారి చిన్న ట్రాక్టర్‌కు తగిలిస్తం. చిన్నదానికి షాఫ్ట్ పొడుగైతది, హాక్సాతో కోస్తం. కానీ ఇనుప గొట్టం ఒక్కటే కోసి ప్లాస్టిక్ వదిలేస్తరు, లేదా రెండిట్ల ఒకటే కోస్తరు. రూలు సులువు: రెండు ఇనుప గొట్టాలు, రెండు ప్లాస్టిక్ గొట్టాలు, నాలుగూ ఒకే కొలత కొయ్యాలె. కోసిన అంచుకు లేచిన ముళ్లను ఆకురాయితో నున్నగా రుద్ది, ఇనుప పొడి తుడిచి గ్రీజు రాయాలె. లేకపోతే ఆ ముళ్లే కవరును లోపలినుంచి చీలుస్తయి. ఎంత కొయ్యాలె అంటే, షాఫ్ట్ అన్నిటికంటే ఎక్కువ చాచుకున్నప్పుడు కూడా గొట్టాలు మూడో వంతు ఒకదాంట్ల ఒకటి ఉండాలె. అన్నిటికంటే ఎక్కువ ముడుచుకున్నప్పుడు కొసకు కనీసం ఒక ఇంచు సందు మిగలాలె. ఈ సందు లేకపోతే కవరు పగులుడు అటుంచండి, గేర్‌బాక్స్ మీద, పీటీఓ బేరింగ్ మీద దెబ్బ పడుతది.

ఐదు. కవరు మంచిగనే కూర్చుంది కానీ రెండు చివర్ల యోకులు కనపడుతున్నయి. ఇది కవరు తప్పు కాదు. ట్రాక్టర్ పీటీఓ మీద ఇనుప రేకు మూత ఒకటి వస్తది, మాస్టర్ షీల్డ్ అంటరు. తగిలించుడు సులువు అయితదని దాన్ని మొదటి వారమే ఊడదీసి పెడుతరు. మిషన్ వైపు గేర్‌బాక్స్ మీద కూడా ఒక గరాటు ఉంటది. షాఫ్ట్ కవరు ఈ రెండిటి కిందికి రెండేసి ఇంచులు పోయి ఉండాలె. మూడూ కలిస్తేనే పూర్తి కవరు. ఊడదీసిన షీల్డ్ మీ ఇంట్లనే ఎక్కడో ఉంటది, వెతికి బిగించండి.

ఈ అయిదూ చూసినంక కూడా కొత్త కవరు కొనాల్సి వస్తే, షాపుకు పోయి "రోటవేటర్ కవరు ఒకటి ఇయ్యి అన్నా" అని అడగకుండ్రి. అట్ల అడిగితే ఏది స్టాకుంటే అది చేతుల పెడుతడు, ఆయనను అనేది ఏం లేదు. నాలుగు కొలతలు కాగితం మీద రాసుకొని పోండి.

మొదటిది క్రాస్ సైజు. క్రాస్ కప్పు మందం, ఒక కప్పు కొస నుంచి ఎదురు కప్పు కొస దాకా పొడుగు. మెకానిక్ దగ్గర వెర్నియర్ ఉంటది, అడిగితే రెండు నిమిషాల పని. 27 × 74.6, 30.2 × 80, 30.2 × 92 మిల్లీమీటర్లు అని ఇట్ల ఉంటయి. చివరి రెండూ చూడండి, కప్పు మందం ఒకటే, పొడుగు వేరు. కండ్లతో చూస్తే ఒక్కతీరే అనిపిస్తది, కవరు మాత్రం వేరే. రెండోది గొట్టం ఆకారం, నిమ్మకాయ తీరుగనా, మూడు మూలలదా, నక్షత్రం తీరుగనా, చదరమా. మూడోది షాఫ్ట్ ముడిచినప్పుడు ఈ క్రాస్ నడిమి నుంచి ఆ క్రాస్ నడిమి దాకా పొడుగు. నాలుగోది యోకు మెడ మీది గాడి మందం, వెడల్పు. పాత రింగు ఉంటే అదే పట్టుకుపోండి, అంతకంటే మంచి కొలత లేదు. ఫోన్‌లో రెండు ఫోటోలు తీసుకోండి. రింగు అక్కడనే పెట్టి చూసి, చైన్లు డబ్బాలో ఉన్నయో లేవో చూసి, "సెట్ కాకపోతే వాపస్ తీసుకోవాలె" అని బిల్లు మీద రాయించుకోండి.

ఇగ మనోళ్లు చెప్పే సాకుల సంగతి.

"కవరుంటే క్రాస్‌కు గ్రీజు కొట్టరాదు" అంటరు. ఇందులో నిజం ఉంది. కొన్ని కవర్లకు గ్రీజు గన్ను పట్టే రంధ్రం ఉండదు. కొనేటప్పుడే రంధ్రం ఉన్నది అడగండి. లేకపోతే రింగు లాక్ తిప్పి కవరును వెనుకకు జరపొచ్చు, ఐదు నిమిషాలు ఎక్కువ పడుతది. ఐదు నిమిషాల కోసం కవరు తీసి పారేసుడు న్యాయమేనా, మీరే చెప్పండి.

"ఇన్నేండ్ల నుంచి నడుపుతున్న, ఏం కాలె" అంటరు. కానిన్ని రోజులు కాదు. అయిన రోజు ఆ మాట చెప్పడానికి మనిషి మిగలడు, మిగిలినా చెయ్యి మిగలదు.

"సగం పగిలినా ఉంది కదా" అని ఇంకొందరు. పగిలిన కవరు అంచు కొడవలి తీరుగ ఉంటది, బట్టను తనే అందుకుంటది. పైగా చూసేటోళ్లు కవరుంది కదా అని దగ్గరికి పోతరు. పగిలింది పగిలిందే, మార్చాలె.

చట్టం ఏమంటది అని అడుగుతరేమో. మన దేశంలో 1983లనే డేంజరస్ మెషిన్స్ రెగ్యులేషన్ యాక్ట్ అని పార్లమెంటు చట్టం చేసింది. నూర్పిడి మిషన్లలో కూలోళ్ల చేతులు పోతుంటే, పవర్ థ్రెషర్లను ప్రమాదకర యంత్రాల కింద పెట్టి, దెబ్బ తగిలిన కూలీకి పరిహారం ఇయ్యాలని కూడా రాసిండ్రు. అమెరికాలో పొలం మిషన్లకు పీటీఓ కవరు తప్పనిసరి అని 1976లనే నిబంధన పెట్టిండ్రు. కానీ మన పొలం గట్టు మీదికి వచ్చి షాఫ్ట్ చూసే ఆఫీసర్ ఎవరూ లేరు. మనకు మనమే ఆఫీసర్లం.

బీమా సంగతి కూడా సోయిల పెట్టుకోండి. 2018 ఆగస్టు నుంచి ఉన్న రైతుబీమా 18 నుంచి 59 ఏండ్ల పట్టాదారు రైతు చనిపోతే ఇంటోళ్లకు 5 లక్షలు ఇచ్చే జీవిత బీమా. చెయ్యి పోతే అది రాదు. కూలికి వచ్చిన అక్కకు భూమి లేకపోతే ఆమె అందులో ఉండనే ఉండదు. బ్యాంకుల ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. 18 నుంచి 70 ఏండ్ల దాకా, ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు, ఒక చెయ్యో కాలో పూర్తిగా పోతే 1 లక్ష. మీ దగ్గర పనికి వచ్చేటోళ్ల ఖాతాల ఇది ఉందో లేదో అడిగి కట్టించండి. కానీ లక్ష రూపాయలు పెట్టి ఏ బజార్లనూ చెయ్యి దొరకదు.

నేను కోరేది మూడు పనులు.

కిరాయికి ట్రాక్టర్ పిలిచే రైతులు: గంటకు ఎంత అని అడిగేముందు షాఫ్ట్‌కు కవరుందా అని అడగండి. లేకపోతే వేరే బండిని పిలవండి. నలుగురు రైతులు ఇట్ల అడిగితే ఐదో రోజుకు ఊర్లో ప్రతి బండికీ కవరు వస్తది. ఏ చట్టం చెయ్యని పని కిరాయి చేస్తది.

ట్రాక్టర్ ఉన్న తమ్ముండ్లు: సీజన్ మొదలయ్యేముందు గేర్ ఆయిల్ చూసినట్టే కవరు, రింగు, చైన్లు చూడండి. ఒక రింగు అదనంగా టూల్ డబ్బాల పెట్టుకోండి. డ్రైవర్‌ను పెట్టినోళ్లు డ్రైవర్‌కు కూడా ఇదంతా చూపించండి. పీటీఓ ఆపకుండ సీటు దిగొద్దని గట్టిగ చెప్పండి.

మూడోది, ప్రతి క్లస్టర్‌కూ రైతు వేదిక ఉంది, ఏఈఓ ఉన్నరు. ఎరువులు, విత్తనాల మీటింగులు అక్కడ అయితనే ఉన్నయి. వానాకాలం దుక్కులకు ముందు ఒక పూట, ఏసంగి నాట్లకు ముందు ఒక పూట, ఊరి మెకానిక్‌ను పిలిచి షాఫ్టులన్నీ వరుసగా పెట్టి చూపించమని మనమే ఏఈఓ సారును అడుగుదాం. ఒక వెర్నియర్, ఒక గ్రీజు గన్ను ఉంటే చాలు. క్రాస్ సైజులు ఒక నోట్‌బుక్కుల రాసిపెడితే, పదిమందికి కావాల్సిన కవర్లు, రింగులు కలిపి ఒకేసారి తెప్పించుకోవచ్చు. అప్పుడు షాపాయన కూడా సరైన సైజు తెప్పిస్తడు, ధర కూడా తగ్గుతది.

మీ షాఫ్ట్ క్రాస్ సైజు ఎంత, బయటి కవరు ఏది సరిగ్గా కూర్చుంది, ఎక్కడ దొరికింది, కింద రాయండి. ఇంకొక రైతుకు తిరుగుడు తప్పుతది. రేపు పొద్దున బండి స్టార్ట్ చేసేముందు మాత్రం ఒక్కసారి వెనుకకు పోయి కవరును చేత్తో తిప్పి చూడండి. సులువుగా తిరిగితే పనికి పోండి. తిరగకపోతే ఆ పావుగంట అక్కడనే పెట్టండి.